విస్తరి ముందా, వాదన ముందా

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడు చెక్కించిన శాసనాల్లో మొదటిది వంటింటి లెక్క చెబుతుంది. ఒకప్పుడు రాజుగారి వంటశాలలో కూరల కోసం రోజూ లక్షల జీవాలను చంపేవారట. శాసనం రాయించే నాటికి ఆ సంఖ్య మూడుకు దిగింది: రెండు నెమళ్లు, ఒక జింక. ఆ జింక కూడా ప్రతిరోజూ కాదు. ముందు ముందు ఈ మూడింటినీ చంపబోమన్న మాటతో శాసనం ముగుస్తుంది. లక్షలన్నది రాజులకు అలవాటైన అతిశయోక్తి కావచ్చు. మూడు అన్నది అతిశయోక్తి కాదు. తన వంటశాలలో ఇంకా నెమలి ఉడుకుతోందని రాతి మీద ఒప్పుకున్న చక్రవర్తులు అరుదు. బలులు కూడదని అదే శాసనం ఆదేశిస్తుంది, నిజమే. కాని తిండి విషయానికి వచ్చేసరికి ఆయన జనం కుండల్లోకి తొంగిచూడలేదు, తన కుండ మూత తీసి చూపించాడు. పట్టాభిషేకమైన 27వ ఏట వేయించిన ఏడో స్తంభ శాసనంలో ఈ ధోరణికి కారణం కూడా చెప్పాడు. ధర్మం పెరగడానికి దారులు రెండట, నియమాలు పెట్టడం ఒకటి, మనసుకు నచ్చజెప్పడం ఇంకొకటి. ఫలానా జంతువులను చంపరాదని నియమాలు తానే పెట్టాడు, ఆ జాబితా ఐదో స్తంభ శాసనంలో ఉంది. అయినా నియమాల వల్ల ఒరిగేది కొంచెమేనని, జీవహింస తగ్గింది ప్రధానంగా నచ్చజెప్పడం వల్లేనని ఆయన తేల్చాడు. మనుషులను మాంసం నుంచి మొక్కల ఆహారం వైపు మళ్లించాలని చూసేవారు ఇప్పుడు ప్రపంచమంతటా ఉన్నారు. వాళ్ల ముందున్న ప్రశ్న కూడా అశోకుడిదే. నచ్చజెప్పడం అంటే ఏమిటి? ఎక్కడ మొదలుపెట్టాలి?

మన కాలపు ప్రయోగాలు మొదటి చూపులో అశోకుడి మాటకు ఎదురు నిలుస్తాయి. 2017లో ప్రచురించిన ఒక అధ్యయనం కోసం స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం క్యాంటీన్‌లో ఒకే కూరగాయ వంటకానికి రోజుకో రకం పేరు రాసిపెట్టారు. వంట మారలేదు, పేరే మారింది. నోరూరించే పేరు పెట్టిన రోజున, ఒట్టి కూరగాయ పేరు రాసిన రోజు కంటే 25 శాతం ఎక్కువమంది దాన్ని వడ్డించుకున్నారు. ‘ఇందులో కొవ్వు తక్కువ, చక్కెర లేదు’ తరహా ఆరోగ్యబోధ రాసిన రోజుతో పోలిస్తే తేడా 41 శాతం. కేంబ్రిడ్జ్ కళాశాలల భోజనశాలల్లో ఎమా గార్నెట్ బృందం 2019లో ప్రచురించిన అధ్యయనం ఇంకా సాదాది. మెనూలో మాంసం లేని వంటకాల వాటాను నాలుగో వంతు నుంచి సగానికి పెంచారు, ఎవరికీ ఏ బోధా చెయ్యలేదు. వాటి అమ్మకాలు 41 నుంచి 79 శాతం దాకా పెరిగాయి, అదీ అంతకుముందు అలాంటి వంటకాలు అతి తక్కువగా తీసుకున్నవారిలోనే ఎక్కువగా. డెన్మార్క్‌లో ఒక సదస్సుకు వచ్చినవారికి అడిగితే తప్ప మాంసం రాదన్న పద్ధతి పెట్టారు. శాకాహార భోజనం తీసుకున్నవారు 2 శాతం నుంచి 87 శాతానికి చేరారు. మాంసం కావాలంటే ఒక టిక్కు పెడితే చాలు, కాని ఆ టిక్కు పెట్టే ఓపిక చాలామందికి లేకపోయింది. ఇక వాదన సంగతి చూద్దాం. రివర్‌సైడ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్ర తరగతుల విద్యార్థులు 1,332 మందిలో సగం మంది చేత మాంసాహారపు నైతికత మీద వ్యాసం చదివించి చర్చ పెట్టించారు. తర్వాత వాళ్ల క్యాంటీన్ రసీదులు చూస్తే మాంసం ఉన్న కొనుగోళ్లు 52 శాతం నుంచి 45 శాతానికి తగ్గాయి. వాదన పనిచేసింది, కాని ఏడు శాతం పాయింట్ల మేరకు. అదే విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఎరిక్ ష్విట్జ్‌గెబెల్ అంతకుముందు, 2014లో, ఇంకో సంగతి బయటపెట్టాడు. నీతిశాస్త్రం బోధించే ఆచార్యుల్లో 60 శాతం మంది క్షీరదాల మాంసం తరచుగా తినడం తప్పని ఒప్పుకున్నారు, 37 శాతం మంది కిందటి రాత్రి అదే తిన్నామని కూడా ఒప్పుకున్నారు. బోధించే నోరూ తినే నోరూ ఒకటే అయినా వాటి మధ్య రాకపోకలు తక్కువని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ లెక్కలు చూసి అమ్మకందారులు సంతోషిస్తారు, తత్వవేత్తలకు మాత్రం గుబులు పుడుతుంది. మనిషిని మనిషిగా గౌరవించడమంటే అతని బుద్ధికి కారణం చెప్పడం కదా. పళ్లెం అమరిక మార్చి, పేరుకు తాలింపు వేసి దారి మళ్లించడం గౌరవమెలా అవుతుంది? పైగా జంతువు ప్రాణం లాంటి పెద్ద సంగతిని కారం, పులుపు, నోరూరడం స్థాయికి దించితే ఆ సంగతి చిన్నబోదా? ఈ రెండో అభ్యంతరాన్ని అందరికంటే గట్టిగా చెప్పినవాడు గాంధీ. 1931 నవంబరు 20న లండన్ శాకాహార సంఘం సభలో మాట్లాడుతూ, ఆరోగ్యం కోసం మాంసం మానినవారిలో ఎక్కువమంది జారిపోవడం తాను చూశానని, నిలబడాలంటే నైతికమైన పునాది ఉండాలని ఆయన వాదించాడు. ఆరోగ్యమైనా రుచి అయినా ఈ లెక్కలో ఒకటే. మాంసం రుచి ఇంకొంచెం బాగుందనిపించిన రోజున రుచిని నమ్ముకుని వచ్చినవాడు వెనక్కి పోతాడు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టెయ్యడానికి లేదు.

అయితే గాంధీ సొంత కథలోనే దానికి జవాబు ఉంది. లండన్‌లో చదువుకునే రోజుల్లో తల్లికిచ్చిన మాటకు కట్టుబడి ఆయన మాంసం ముట్టలేదు. అది మాటకు కట్టుబడటమే గాని నమ్మకం కాదు. భారతీయులందరూ మాంసాహారులైతే మంచిదనీ, ఏదో ఒకనాటికి తానూ తినవచ్చుననీ ఆ రోజుల్లో అనుకునేవాడినని ఆత్మకథలో రాసుకున్నాడు. ఉప్పూకారం లేని ఉడకబెట్టిన కూరలతో అర్ధాకలిగా తిరుగుతూ ఒకరోజు ఫారింగ్‌డన్ వీధిలో శాకాహార భోజనశాల కనిపెట్టాడు. దాని గుమ్మం దగ్గర అద్దాల కింద అమ్మకానికి పెట్టిన పుస్తకాల్లో హెన్రీ సాల్ట్ రాసిన శాకాహార సమర్థన ఉంది. ఒక షిల్లింగుకు అది కొని లోపలికి వెళ్లి, ఇంగ్లండు వచ్చాక మొదటిసారి కడుపునిండా తిన్నాడు. పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివి, తల్లి మాట కోసం కాక తన ఇష్టంతో శాకాహారి అయింది ఆ తర్వాతే. పుస్తకం, భోజనం ఒకే గుమ్మంలో దొరికాయి. సాల్ట్ వాదన బలమైనదే, సందేహం లేదు. కాని అదే వాదనను అర్ధాకలితో, చప్పిడి కూర ముందు కూర్చుని చదివి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. నైతికమైన పునాది కావాలన్న గాంధీ మాట నిజమే. ఆ పునాది తవ్వడానికి ముందు నేల మెత్తబడాలన్నది ఆయన జీవితం చూపిన సంగతి.

నేల ఎందుకు గట్టిపడి ఉంటుందో చెప్పే ప్రయోగాలూ ఉన్నాయి. 2010లో స్టీవ్ లాక్నన్ బృందం కొంతమందికి ఎండబెట్టిన గొడ్డు మాంసం, మరికొంతమందికి జీడిపప్పు తినిపించి, ఆ వెంటనే ఏయే జంతువుల పట్ల మనకు నైతిక బాధ్యత ఉందో చెప్పమంది. మాంసం నమిలినవారి జాబితా కురచగా వచ్చింది, ఆవుకు వాళ్లిచ్చిన నైతిక స్థానమూ తగ్గింది. 2012లో అదే పరిశోధకులు మరో సంగతి చూపించారు. కాసేపట్లో మాంసం తినబోతున్నామని తెలిసినవారు ఆ జంతువుకు ఆలోచన, బాధ తక్కువేనని అంచనా కట్టారు. ఇవి చిన్న ప్రయోగాలు, వీటి మీద మేడలు కట్టనక్కర్లేదు. కాని ఇవి చూపే దిశ మన అనుభవానికి దూరమైనది కాదు. మనం ముందు ఆలోచించి తర్వాత తింటామని అనుకుంటాం. నిజానికి తింటున్నదాన్ని సమర్థించుకునేలా ఆలోచిస్తాం. అలాంటప్పుడు మాంసం గిన్నె ముందు కూర్చున్నవాడికి జంతువు బాధ గురించి చెబితే అతని బుద్ధిని గౌరవించినట్టు కాదు. ముద్దాయి చేతనే తీర్పు రాయించినట్టు. మాంసం లేని భోజనం ఒకటి ఎదురుగా ఉండి, అది నిజంగా బాగుండి, అది తిని లేచినవాడికి అదే వాదన చెబితే వినడం వల్ల అతనికి పోయేదేమీ లేదు. రుచి ఇక్కడ వాదనకు బదులుగా రాలేదు. వాదనను నిజాయితీగా వినగల స్థితిని కల్పించింది. నచ్చజెప్పడం ఎక్కడ మొదలవ్వాలన్న ప్రశ్నకు నా జవాబు ఇదే: ముందు విస్తరి, తర్వాత వాదన. విస్తరితోనే సరిపెట్టేస్తే గాంధీ భయం నిజమవుతుంది. వాదన ఒక్కటే ఉంటే ఆ నీతిశాస్త్ర ఆచార్యుల గతే.

మోసం మాటేమిటని అడగవచ్చు. దానికి ఒక పరీక్ష ఉంది. చేస్తున్న పనిని తినేవాడి ముందు బాహాటంగా చెప్పగలమా? చెప్పాక కూడా అది పనిచేస్తే మోసం కాదు. 2015లో అమెరికాలో, మరణానికి ముందు తీసుకునే వైద్యనిర్ణయాల పత్రాల మీద ఇలాంటి పరీక్షే చేశారు. ముందే ఒక పెట్టెలో టిక్కు పెట్టి, అది ఎందుకు పెట్టామో కూడా చెప్పేశారు. చెప్పినా దాని ప్రభావం పెద్దగా తగ్గలేదు. క్యాంటీన్ కూడా గోడమీద రాసుకోవచ్చు: ఇక్కడ అడగకపోతే కూరగాయల భోజనం వస్తుంది, కారణమిది, మాంసం కావాలంటే అడగండి. ఇందులో దాచిందేమీ లేదు. ఇక మాంసాన్ని అనుకరించే సోయా, బఠానీ ముద్దలకు మాంసం పేర్లు పెట్టవచ్చా లేదా అని యూరప్ ఏళ్లుగా కొట్లాడుకుంటోంది. మొక్కల నుంచి చేసినవాటిని పాలు, వెన్న అనకూడదని అక్కడి న్యాయస్థానం 2017లో తీర్పిచ్చింది. బర్గర్ అనే పేరును నిషేధించే ప్రతిపాదనను అక్కడి పార్లమెంటు 2020లో తోసిపుచ్చింది. ఈ గొడవలో నాకు పెద్ద తత్వమేమీ కనబడదు. డబ్బా మీద ముందువైపే పెద్ద అక్షరాల్లో ‘సోయా’ అని ఉంటే మోసపోయేవాడు లేడు.

మన దేశానికి వచ్చేసరికి చిక్కు వేరే చోట ఉంది. ఇక్కడ శాకాహార ప్రచారం జంతువు గురించి మాట్లాడటం మొదలుపెట్టి, రెండో వాక్యంలోనే తినేవాడి పుట్టుక గురించి మాట్లాడేస్తుంది. 2014 నాటి నమూనా నమోదు సర్వే ప్రకారం తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో 98 శాతానికి పైగా జనం మాంసాహారులు. అయినా మన ఊళ్లలో హోటల్ బోర్డు మీద ‘ప్యూర్ వెజ్’ అని ఉంటుంది, అద్దె ఇంటి గేటు దగ్గర ‘మీరు నాన్‌వెజ్ తింటారా’ అన్న ప్రశ్న ఉంటుంది. ఆ ప్రశ్నకు కోడి మీద దయతో సంబంధం లేదని అడిగేవారికీ తెలుసు, చెప్పేవారికీ తెలుసు. 2024 మార్చిలో జొమాటో సంస్థ శాకాహారం తెచ్చేవారికి వేరే జట్టు, ఆకుపచ్చ చొక్కాలు అని ప్రకటించి, దేశమంతా మండిపడేసరికి ఒక్కరోజులోనే చొక్కాల సంగతి వెనక్కి తీసుకుంది. ఎర్ర చొక్కా మనిషి తలుపు తట్టాడంటే ఆ ఇంట్లో మాంసం తింటారని ఇంటి యజమానికి తెలిసిపోయే ప్రమాదం ఉందన్న మాటను ఆ సంస్థ అధిపతే ఒప్పుకోవలసి వచ్చింది. గొడ్డు మాంసం తినడానికీ అంటరానితనానికీ ముడి ఎలా పడిందో 1948లోనే అంబేద్కర్ ఒక పుస్తకంలో వివరించాడు. 2012లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు గొడ్డు మాంసపు పండుగ జరిపారంటే రుచి కోసమని ఎవరూ అనుకోలేదు. తిండిని చూసి మనిషికి ధర కట్టే చోట, ఆ తిండి మానెయ్యమని చెప్పడం తల వంచమని చెప్పినట్టే వినిపిస్తుంది. అలా వినిపించడం విన్నవాడి తప్పు కాదు.

కనుక మన దగ్గర శాకాహార ప్రచారమే కూడదంటారు కొందరు. నేను అంత దూరం వెళ్లను. కట్టిపెట్టవలసింది శుచి, పవిత్రత, సాత్వికత అనే భాషని. జంతువు గురించి, నేల గురించి మాట్లాడే భాషని కాదు. ఈ రెండింటినీ విడదీసి చూడటం మన సంప్రదాయానికి కొత్తేమీ కాదు. మహాభారతం అరణ్యపర్వంలో తపస్సు చేసిన కౌశికుడికి ధర్మం చెప్పేవాడు మిథిలలో మాంసం అమ్ముకునే వ్యాధుడు. తాను మాంసం తినడు, తన చేత్తో చంపడు, కాని ఆ వృత్తిలో ఉంటూనే ధర్మం చెబుతాడు. మాంసం అమ్మినంత మాత్రాన జ్ఞానానికి అనర్హుడు కాడని ఆ కథ చెప్పకనే చెబుతుంది. బౌద్ధంలో ఇంకా తేటగా ఉంది. భిక్షువులెవరూ చేపలు, మాంసం ముట్టరాదని కట్టడి చెయ్యమని దేవదత్తుడు కోరితే బుద్ధుడు ఒప్పుకోలేదు. తన కోసం చంపారని చూసిన, విన్న, అనుమానించిన మాంసాన్ని మాత్రం తీసుకోవద్దన్నాడు. ఆ షరతులో తినేవాడి శుచి ప్రసక్తి లేదు, చంపడంలో అతని పాత్ర ఎంత అన్నదే ప్రశ్న. బజారులో కొన్నది మన కోసం చంపినదే కాదా అని ఈనాడు ఆ షరతును పట్టుకుని అడగవచ్చు. అడగాలి కూడా. కాని అది జంతువు గురించిన ప్రశ్న, కులం గురించినది కాదు.

ఇలా విడదీస్తే మనకున్న ఒక సౌకర్యం కళ్లబడుతుంది. ప్యూ సంస్థ 2021లో ప్రకటించిన సర్వేలో దేశంలో 39 శాతం మంది తాము శాకాహారులమన్నారు. మాంసం విషయంలో ఏదో ఒక కట్టుబాటు పాటిస్తామన్నవారు 81 శాతం. అంటే మాంసాహారుల్లో కూడా చాలామంది కొన్ని రోజులు, కొన్ని మాంసాలు మానేసేవారే. శనివారం ముట్టనివారు, శ్రావణం వెళ్లేదాకా ఆగేవారు, కార్తీకం నెలంతా ఉల్లి కూడా మానేసి ఉసిరిచెట్టు కింద వనభోజనాలకు వెళ్లేవారు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఆ రోజుల్లో వాళ్లు శాకాహారులుగా మారిపోరు, మారమని ఎవరూ అడగరు. ఒక పూట మారుతుంది, మనిషి ముద్ర మారదు. ఆ మానడం వెనక శుచి భావమే ఉంది కదా అంటే, ఉంది. అయితే అది తన కోసం తాను పెట్టుకున్న నియమం, పక్కవాడి ఇంటి గేటు దగ్గర అడిగే ప్రశ్న కాదు. మొక్కల ఆహారం గురించి మనవాళ్లతో మాట్లాడేవారు మనుషులను మార్చే పని మానుకుని పూటలను మార్చే పని పెట్టుకుంటే సగం పోరు తగ్గుతుంది. పైగా మన విస్తరికి అరువు పేర్లు అక్కర్లేదు. పనసపొట్టు ఆవపెట్టిన కూర, గుత్తివంకాయ, ఉలవచారు, గోంగూర పప్పు, సర్వపిండి, పచ్చిపులుసు వంటివాటిని ఎవరూ మాంసానికి బదులుగా తినరు, వాటి కోసమే వాటిని తింటారు. మీల్ మేకర్‌ను మాత్రం ‘మాంసంలాగే ఉంటుంది’ అంటూ వడ్డించి దాని పరువు తీశాం. అలా చెప్పిన ప్రతిసారీ తినేవాడు నాలుకతో కొలిచి, లాగే లేదని తేల్చేస్తాడు.

పేదవాడి పళ్లెం సంగతి ఎత్తకుండా ఈ మాటలన్నీ చెబితే అన్యాయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. బడి భోజనంలో గుడ్డు అలాంటి పిల్లల కోసం. బీ12 విటమిన్ మొక్కల్లో దొరకదు. గుడ్డు తీసేసి ఆ స్థానంలో పవిత్రత వడ్డించేవారు అశోకుడి శిష్యులు కారు. నేను చెప్పిన అమరికలేవైనా ‘కావాలంటే అడగండి’ అన్న చోటనే న్యాయమైనవి. అడిగే నోరు లేని పిల్లవాడి దగ్గర అవి పనికిరావు. ఈ నచ్చజెప్పడం ఎవరికి? మాంసం రోజువారీ అలవాటైనవారికి, వారానికి ఏడు రోజులూ బిర్యానీ ఆర్డర్ పెట్టగలిగినవారికి, అమెరికాలో స్థిరపడి అక్కడి మోతాదుకు అలవాటుపడిన మనవాళ్లకు. అక్కడ తలసరి మాంసం ఏడాదికి వంద కిలోలు దాటుతుంది. మన దేశంలో అది పది కిలోలు కూడా ఉండదు.

నాగలి కూడా చంపుతుంది కదా అన్నది పాత అభ్యంతరమే. దాన్ని స్వయంగా ఎత్తింది ఆ ధర్మవ్యాధుడే: దున్నేటప్పుడు మట్టిలో ఎన్ని ప్రాణాలు పోతాయో చూడమన్నాడు. హింస లేని ముద్ద లేదన్నది నిజం. కాని ఆ మాట నుంచి ‘కాబట్టి ఎంతైనా తినవచ్చు’ అన్న ముగింపు రాదు. 2018లో పూర్, నెమెచెక్ అనే పరిశోధకులు కట్టిన లెక్క ప్రకారం మాంసం, పాలు, గుడ్లు, చేపల పెంపకం కలిసి మేత బీళ్లతో సహా ప్రపంచ వ్యవసాయభూమిలో 83 శాతాన్ని తీసుకుని, మనిషికి కావలసిన కేలరీల్లో 18 శాతం, మాంసకృత్తుల్లో 37 శాతం ఇస్తున్నాయి. పండిన సోయాలో ఎక్కువ భాగం పోయేది పశువుల, కోళ్ల దాణాకే. నాగలి కింద చచ్చే పురుగుల మీద జాలి ఉన్నవాడు కూడా దున్నవలసిన నేల తగ్గాలనే కోరుకుంటాడు.

మిగిలిన అభ్యంతరం పాలది. దీన్ని మాంసాహారులు లేవనెత్తుతారు, శాకాహారులు విననట్టు ఊరుకుంటారు. ఆవైనా గేదైనా ఈనితేనే పాలిస్తుంది. పుట్టిన మగదూడకు మన పాడిలో పనిలేదు. పాల ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్న దేశమే గేదె మాంసం ఎగుమతుల్లోనూ ముందు వరుసలో ఉండటం కాకతాళీయం కాదు. పాల పొట్లానికి ఆకుపచ్చ చుక్క దొరుకుతుంది. ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2022లో తెచ్చిన వీగన్ నిబంధనల ముద్ర మాత్రం దానికి దొరకదు. ప్రశ్న తినేవాడి శుచి గురించి అయితే ఆ చుక్కతో సంగతి ముగిసిపోతుంది. ప్రశ్న జంతువు గురించి అయితే ముద్దపప్పులో నెయ్యి దగ్గరా, చివర పెరుగన్నం దగ్గరా అది మళ్లీ మొదలవుతుంది. ఆవకాయ కలిపిన అన్నంలో నువ్వులనూనె పోసుకుని లేచినవారితోనే దాన్ని మాట్లాడటం తేలిక. పొరుగింటి కోడికూర గురించి తీర్పు చెప్పేవారిని పెరుగన్నం తినగానే కూర్చోబెట్టి, 2010 నాటి ప్రయోగంలో ఆవు గురించి అడిగిన ప్రశ్నలే అడగాలి.